చేయి ముందు, మనసు వెనుక

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు 1982లో సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పు గుర్తుకు వస్తుంది. పింఛను దయాధర్మం కాదు, హక్కు అని ఆ తీర్పు మనకు నిలబెట్టింది. ఏటా ఈ సభలో డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "ఆ లెక్కలు చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. మీరు ఇంటిల్లిపాదీ వినేది ఏదైనా చెప్పండి" అన్నారు. కాబట్టి నేను ఎలుకల గురించి చెప్పదలిచాను. నవ్వకండి. ఎలుకల పేరు చెప్పి మన ఇళ్లలోని పసిపిల్లల గురించే చెప్పబోతున్నాను.

దీనికి కారణం మన సభ్యులలో ఒకరు నన్ను అడిగిన ప్రశ్న. వారి పేరు చెప్పను. విషయం చెప్పడానికి మాత్రం వారు ఒప్పుకున్నారు. వారి అమ్మాయికి పెళ్లయి చాలా ఏళ్లయినా సంతానం కలగలేదు. చట్టప్రకారం దరఖాస్తు చేసుకుని, వంతు వచ్చేదాకా ఓపిక పట్టి, ఒక ఆడబిడ్డను దత్తత తెచ్చుకున్నారు. బిడ్డకు అయిదు నెలలు. ఆయన నాతో అన్న మాటలు ఇవి: "పాప ముద్దుగానే ఉందండీ. ఏ లోటూ రానివ్వను. బారసాలకు గొలుసు కూడా చేయించాను. కాని ఎత్తుకుందామంటే చేతులు రావడం లేదు. మన రక్తం కాదు గదా అని లోపల ఎక్కడో మెలిపెడుతోంది. ప్రేమ పుట్టాక ఎత్తుకుందామని చూస్తున్నాను. పుట్టకపోతే?"

ఆయన ధైర్యం చేసి అడిగారు. అడగనివాళ్లు మనలో ఇంకా ఉండవచ్చు. 2020, 2021 సంవత్సరాలలో కరోనా తరువాత తమ్ముడి పిల్లలను, మేనకోడలి పిల్లలను తెచ్చి పెంచుకుంటున్నవాళ్లు ఉన్నారు. కొడుకు రెండో పెళ్లి చేసుకుంటే కొత్త కోడలి వెంట వచ్చిన పిల్లవాడికి తాత కావలసి వచ్చినవాళ్లు ఉన్నారు. అందరి ప్రశ్నా ఒక్కటే. ప్రేమ పుట్టాక ఎత్తుకోవాలా? ఎత్తుకుంటే ప్రేమ పుడుతుందా?

నేను డాక్టరును కాను. ముప్పై అయిదేళ్లు గుమాస్తా పని చేసినవాణ్ణి. తెలియని విషయం టేబుల్ మీదకు వస్తే పాత కాగితాలన్నీ తీసి, తేదీల వరుసన పెట్టి, చదివి, చివర ఒక నోటు రాయడం మనకు అలవాటు. ఈ ప్రశ్నకూ అదే చేశాను. దొరికిన కాగితాలలో ఎక్కువ భాగం ఎలుకల మీద జరిగిన పరిశోధనలే.

ఎలుక చెప్పిన సంగతి మనిషికి పనికి వస్తుందా అని మీకు అనుమానం రావచ్చు. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 1918లో కూనూరులో ఒకే ఒక గదిలో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. దానిని మొదలుపెట్టిన రాబర్ట్ మెక్కారిసన్ గారు మన దేశంలో ఏ ప్రాంతంవారు ఏం తింటారో అదే ఎలుకలకు పెట్టి, ఏవి బలంగా పెరుగుతున్నాయో చూశారు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలు తిన్నవి బలంగా పెరిగాయి. తెల్లబియ్యమే ఎక్కువగా తిన్నవి నీరసించాయి. తిండి సంగతి ఎలుక ద్వారా నేర్చుకున్న మనుషులే తరువాతి కాలంలో మమకారం సంగతి కూడా ఎలుక ద్వారానే నేర్చుకున్నారు. ఎలుక కూడా మనలాగే పాలిచ్చి పెంచే జంతువు. దాని మెదడు చిన్నదైనా, తల్లిని బిడ్డను కలిపే భాగాలు మన మెదడులో ఉన్నవాటికి దగ్గర చుట్టాలే.

కొరికే పళ్లు జీవితాంతం పెరుగుతూ ఉండే ఈ జాతిలో ఇంటి ఎలుక ఒక్కటే కాదు, ఉడుత, పందికొక్కు, ముళ్లతో ఉండే ఏదు కూడా ఉన్నాయి. పాలిచ్చే జంతువుల రకాలలో నూటికి దాదాపు 40 ఈ జాతివే. వీటిలో కుటుంబాలు ఒక్క తీరుగా ఉండవు. పొలం గట్టు తవ్వి చూస్తే పందికొక్కు బొరియలో మామూలుగా ఒక్క పెద్దదే ఉంటుంది, లేదా తల్లీ పిల్లలూ ఉంటాయి. ఉడుత పిల్లలను తల్లి ఒక్కతే సాకుతుంది. గూడు కదిలిందంటే ఒక్కొక్క పిల్లనూ నోట కరచుకుని మరోచోటికి చేరవేస్తుంది. మన భద్రాచలం అడవి అంచున పనిచేసిన వారందరికీ ఏదు తెలుసు. రాత్రిపూట వచ్చి చేలో దుంపలు తవ్విపోయి, తెల్లారేసరికి ఒక ముల్లు వదిలిపోతుంది. ఆ ఏదులో ఆడా మగా జంటగా ఉంటాయి. పిల్లలతో ఒకే బొరియలో కాపురం చేస్తాయి. ఇదే జాతి ఏదులను ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు పరిశీలించి, ఆ జంటల కట్టుబాటు గురించి 1988లో రాశారు. ఒంటినిండా ముళ్లున్న జంతువు కూడా కలిసి కాపురం చేస్తోందంటే మనం కాస్త ఆలోచించుకోవలసిన మాటే.

ఇక అసలు విషయానికి వస్తాను. తల్లికి బిడ్డ మీద మమకారం ఎలా కలుగుతుంది?

పాడి ఉన్న ఇళ్లవాళ్లకు ఇది సగం తెలిసినదే. దూడను వదిలితే అది పొదుగు కుమ్ముతుంది, గేదె చేపుతుంది. దూడ చనిపోతే దాని తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టేవారు. గేదె దాన్ని వాసన చూసి, నాకి, చేపుకు వచ్చేది. ఆ చేపు వెనుక ఉన్నది ఆక్సిటోసిన్ అనే రసం. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుండి అది రక్తంలోకి వస్తుంది. ఆ గ్రంథి సారం గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుందని 1906లో హెన్రీ డేల్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు గమనించారు. 1953లో అమెరికాలో విన్సెంట్ డు విన్యో గారు దాని నిర్మాణం తేల్చి, ప్రయోగశాలలో తయారుచేసి, 1955లో నోబెల్ బహుమతి అందుకున్నారు. కాన్పు నొప్పుల కోసం, కాన్పు తరువాత రక్తం ఆగడం కోసం ఆసుపత్రిలో ఇచ్చే ఇంజెక్షను ఇదే. పాల కోసం దొంగచాటుగా గేదెలకు పొడిచేదీ ఇదే. అలా పొడవడం నేరం.

ఈ రసం గర్భసంచి మీద, పొదుగు మీదనే కాక మెదడు మీద కూడా పనిచేస్తుందని 1979లో తెలిసింది. పెడర్సన్, ప్రాంజ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎన్నడూ ఈనని ఆడ ఎలుకలకు దీనిని నేరుగా మెదడులోకి ఇచ్చారు. మామూలుగా అలాంటి ఎలుక పసికూనలను చూస్తే దూరంగా తొలగిపోతుంది, ఒక్కోసారి కొరుకుతుంది కూడా. ఈ రసం అందిన ఎలుకలలో కొన్ని కొద్ది గంటల్లోనే గూడు కట్టాయి, కూనలను నోట కరచి తెచ్చుకున్నాయి, నాకి శుభ్రం చేశాయి.

ఇంతవరకే వింటే మన మిత్రుడి భయమే నిజమనిపిస్తుంది. కడుపున మోసి కన్నవాళ్లకే ఆ రసం ఊరుతుంది, మనకెక్కడిది అనిపిస్తుంది. కాని దీనికంటే పన్నెండేళ్ల ముందటి కాగితం ఇంకొకటి ఉంది. నాకు దొరికిన వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

1967లో అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జే రోజెన్‌బ్లాట్ గారు ఒక సాదా ప్రయోగం చేశారు. మందు లేదు, సూది లేదు. ఈనని ఆడ ఎలుకల దగ్గర, మగ ఎలుకల దగ్గర కూడా రోజూ పసికూనలను ఉంచారు, అంతే. మొదటి రోజు పట్టించుకోలేదు. రెండో రోజూ అంతే. కాని అయిదారు రోజులు గడిచేసరికి ఆడవీ మగవీ కూడా కూనలను నాకడం, గూటికి చేర్చడం, మీద వంగి వెచ్చగా కాపాడడం మొదలుపెట్టాయి. కన్నతల్లికి కానుపుతోపాటు వచ్చే గుణం మగ ఎలుకకు కూడా అయిదారు రోజుల సావాసంతో వచ్చింది.

దయచేసి ఈ మాట గమనించండి. అవి ముందు ప్రేమించి తరువాత దగ్గరకు తీయలేదు. ముందు దగ్గర ఉన్నాయి. వాసన, స్పర్శ, కిచకిచలు రోజూ తగలగా తగలగా మెదడు దారికి వచ్చింది.

ఈ దారి ఎలా పడుతుందో ఈ మధ్యకాలంలో ఇంకా వివరంగా తెలిసింది. ఎలుక కూన గూటి నుండి దొర్లిపోతే అరుస్తుంది. ఆ అరుపు మన చెవికి అందనంత సన్ననిది. తల్లి చిట్టెలుకకు అది వినగానే అర్థమవుతుంది. ఈననిదానికి అర్థం కాదు. న్యూయార్కులో రాబర్ట్ ఫ్రోమ్కే గారి బృందం 2015లో చూపించిందేమిటంటే, ఆక్సిటోసిన్ సాయంతో ఈనని చిట్టెలుక మెదడులో శబ్దం వినే భాగం ఆ అరుపును పోల్చుకోవడం నేర్చుకుంటుంది. 2021లో అదే బృందం గూటిలో కెమెరాలు పెట్టి చూసింది. తల్లి చిట్టెలుక పక్కనున్న ఈనని చెలికత్తెను నెట్టుకుంటూ గూటి దగ్గరకు తీసుకుపోతోంది. తల్లి కూనలను తెచ్చుకోవడం చూసిన చెలికత్తె మెదడులోనూ ఆక్సిటోసిన్ కణాలు మేలుకుంటున్నాయి. కొన్నాళ్లకు అదీ కూనలను తెచ్చుకోవడం నేర్చింది. మన ఇళ్లలో కాన్పయిన కూతురు, "నాన్నా, ఒక్క నిమిషం పట్టుకో" అని బిడ్డను ఒళ్లో పడేసి వంటింట్లోకి పోతుంది చూడండి, అది కూడా ఇలాంటిదే.

ఇక్కడిదాకా పెద్దవాళ్ల సంగతి. మరి పిల్లకు ఏం జరుగుతుంది?

ఎలుక కూన పుట్టినప్పుడు ఒంటి మీద బొచ్చుండదు, కళ్లు తెరవదు, తన వేడి తాను నిలుపుకోలేదు. తల్లి నాకితే తప్ప మూత్రం కూడా పోయలేదు. అందుచేత నాకడం దానికి ముద్దు మురిపెమే కాదు, ప్రాణాధారం కూడా. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ గారు, వారి సహచరులు ఏళ్ల తరబడి తల్లి ఎలుకలను గమనించారు. కొన్ని తల్లులు కూనలను ఎక్కువగా నాకుతాయి, కొన్ని తక్కువగా నాకుతాయి. అన్నీ మంచి తల్లులే, కూనలన్నీ బతుకుతాయి. కాని పెద్దయ్యాక తేడా కనిపించింది. ఎక్కువగా నాకించుకున్నవి కష్టం వచ్చినా తొందరగా తేరుకుంటాయి. తక్కువ నాకించుకున్నవి ప్రతిదానికీ బెదురుతాయి. బెదురు పుట్టించే రసం వాటి రక్తంలో ఎక్కువ ఊరుతుంది. ఇది 1997లో ప్రచురించారు.

రక్తగుణమేమో, బెదురు తల్లికి బెదురు బిడ్డ పుట్టిందేమో అని మీరనవచ్చు. శాస్త్రజ్ఞులకూ ఆ అనుమానం వచ్చింది. 1999లో పుట్టిన వెంటనే కూనలను మార్చి చూశారు. తక్కువ నాకే తల్లికి పుట్టిన కూనను ఎక్కువ నాకే తల్లికి ఇచ్చారు. అది పెంచిన తల్లి గుణంతో నిబ్బరంగా పెరిగింది. అంతటితో అయిపోలేదు. ఆ ఆడకూన పెరిగి పెద్దదై, తన పిల్లలను తనను పెంచిన తల్లి మాదిరిగానే ఎక్కువగా నాకింది. అంటే పెంచిన చేతి గుణం మనవల దాకా పోయిందన్నమాట.

ఇది ఒంట్లో ఎక్కడ రాసి ఉంటుంది? 2004లో అదే బృందం దానికి ఒక సమాధానం చెప్పింది. మనకు తెలిసిన భాషలో చెబుతాను. ఫైలులో నూరు కాగితాలుంటాయి. అధికారి ఏ కాగితం చూడాలో అక్కడ మనం ఫ్లాగు పెడతాం. కాగితంలో అక్షరం మారదు. ఫ్లాగును బట్టి ఏ పేజీ తెరుస్తారన్నది మారుతుంది. తల్లిదండ్రుల నుండి వచ్చే జీన్లు ఆ ఫైలులోని కాగితాల వంటివి. మొదటి వారంలో దక్కిన నాకుడును బట్టి, మెదడులో బెదురుకు కళ్లెం వేసే ఒక జీను మీద రసాయనపు ఫ్లాగులు మారుతున్నాయి. రక్తం ఇచ్చేది కాగితం. ఫ్లాగు పెట్టేది పెంచిన చేయి.

మనిషి బిడ్డ విషయంలో కూడా చేతి స్పర్శకు విలువ ఉందని ఆసుపత్రులలోనే తేలింది. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన సాల్ షాన్‌బర్గ్ గారు తల్లి నుండి విడదీసిన ఎలుక కూనలలో పెరుగుదల రసం పడిపోవడం చూశారు. తడి బ్రష్షుతో తల్లి నాకినట్టు గట్టిగా నిమిరితే అది మళ్లీ మామూలుకు వచ్చింది. ఆ సంగతి తెలుసుకున్న టిఫనీ ఫీల్డ్ గారు మయామీలో నెలలు నిండక పుట్టిన పసిబిడ్డలకు రోజుకు మూడుసార్లు, పదిహేనేసి నిమిషాలు, పది రోజుల పాటు ఒళ్లు నిమిరించారు. అవే పాలు తాగినా, నిమిరించుకున్న బిడ్డలు మిగతావారికంటే రోజుకు 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. ఆరు రోజులు ముందుగా ఇంటికి వెళ్లారు. ఇది 1986 నాటి మాట.

ఇది విన్నప్పుడు ఈ సభలోని అమ్మలక్కలు నవ్వుకుంటూ ఉంటారు. కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, నువ్వుల నూనె పెట్టి, నలుగు పెట్టి, వీపు నిమిరి, కాళ్లూ చేతులూ సాగదీసి నీళ్లు పోయడం మన అమ్మమ్మలకు ఎవరు నేర్పారు? సేతువు కట్టేటప్పుడు ఇసుక మోసిన ఉడుత వీపును రాములవారు మూడు వేళ్లతో నిమిరారని, ఆ చారలే ఇప్పటికీ నిలిచాయని భద్రాద్రిలో ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఎవరికీ చుట్టం కాని చిన్న ప్రాణిని నిమిరితే, ఆ నిమిరిన గుర్తు తరతరాలకు మిగిలిందని చెప్పే కథ అది.

తాతలకు సంబంధించిన సంగతి ఇంకొకటి ఉంది. పిల్ల ఎలుకలు తల్లి పాలు మానే నాటినుండి ఒకదానితో ఒకటి కుస్తీలు పడతాయి. ఒహాయోలో జాక్ పాంక్‌సెప్ అనే ఆయన 1990ల చివరి ఏళ్లలో పిల్ల ఎలుకలను వేళ్లతో కితకితలు పెట్టి, మనిషి చెవికి అందని ధ్వనులను పట్టే యంత్రంతో విన్నారు. ఆటలో సంతోషంగా ఉన్నప్పుడు చేసే కూతలే అవి కూశాయి. పైగా కితకితలు పెట్టిన చేతి వెంట పరుగెత్తుకు వచ్చాయి. అలాగే 2012లో హార్వర్డ్‌కు చెందిన బృందం ఒకటి, పాలు మానిన వెంటనే రెండు వారాలు ఒంటరిగా ఉంచిన చిట్టెలుకల మెదడు ముందు భాగంలో నరాల పైపొర సరిగా పెరగలేదని చూపింది. తరువాత తోడు ఇచ్చినా ఆ లోటు తీరలేదు. ఆడుకోవలసిన వయసులో ఆడుకోవాలి. ఇంట్లో మనకంటే తీరిక ఉన్నవాళ్లెవరు?

ఇక చివరి ప్రశ్న. మనం ఎంత చేసినా, రేపు ఆ బిడ్డ మనల్ని తనవాళ్లనుకుంటుందా? పెద్దయ్యాక రక్తం రక్తాన్ని వెతుక్కుంటూ పోదా?

షికాగో విశ్వవిద్యాలయంలో ఇన్బల్ బర్తాల్, పెగ్గీ మేసన్ గార్లు ఒక ఎలుకను ఇరుకు గొట్టంలో పెట్టి, ఇంకో ఎలుకను బయట వదిలారు. బయటిది తంటాలు పడి తలుపు తెరవడం నేర్చుకుని లోపలిదానిని విడిపించింది. పక్కన చాక్లెట్ ముక్కలు పెట్టినా విడిపించడం మానలేదు. ఇది 2011లో. 2014లో ఇంకో మెట్టు ఎక్కారు. తెల్ల ఎలుకలను పుట్టిన నాటినుండి నల్లమచ్చల జాతి ఎలుకల మధ్య పెంచారు. పెద్దయ్యాక ఆ తెల్ల ఎలుక ముందు ముక్కూ మొగం తెలియని ఎలుకలను గొట్టంలో పెట్టారు. అది తనను పెంచిన నల్లమచ్చల జాతిదానిని విడిపించింది. తన సొంత జాతి తెల్లదానిని విడిపించలేదు. ఎవరి మధ్య పెరిగిందో వాళ్లే తన వాళ్లు. తన రంగు ఏమిటో దానికి తెలియనే తెలియదు.

నా ఉద్యోగ కాలంలో ఇటువంటిదే ఒకటి చూశాను. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు వచ్చింది. ఒక బడిలో పెట్టిన సహాయ శిబిరంలో బియ్యం రిజిస్టరు రాసే పని నాది. కుటుంబాల వారీగా పేర్లు ఎక్కించాలి. ఒక కోయ ఇల్లాలి ఒడిలో ఇద్దరు పసివాళ్లున్నారు. ఒకరు ఆమె బిడ్డ. రెండో బిడ్డ తల్లికి జ్వరం ముదిరితే ఆసుపత్రికి తరలించారు. ఇద్దరికీ ఈమే పాలిస్తోంది. ఈ బిడ్డ పేరు ఎవరి కింద రాయాలని అడిగాను. "నా కిందనే రాసుకో అయ్యా. తాగుతున్నది నా దగ్గరే గదా" అంది. అలాగే రాశాను. పది పన్నెండు రోజులకు తల్లి కోలుకుని వచ్చింది. బిడ్డ తల్లి దగ్గరకు పోయాడు. కాని ఈమె గొంతు వినిపిస్తే అటూ తిరిగేవాడు. ఆ ఇద్దరు ఆడవాళ్లు దాని గురించి ఏమీ అనుకోలేదు.

ఇప్పుడు జాగ్రత్త కోసం రెండు మాటలు. ఎలుక ఎలుకే, మనిషి మనిషే. ఆక్సిటోసిన్‌ను ప్రేమ రసమని పత్రికలు రాస్తాయి గాని విషయం అంత తేలిక కాదు. అమెరికా మైదానాలలో ప్రెయిరీ వోల్ అనే చిన్న గడ్డి ఎలుక ఉంది. ఆడా మగా జంట కట్టి, కలిసి పిల్లలను పెంచుతాయి. ఆ జంటకట్టు ఆక్సిటోసిన్ వల్లనే అని చాలాకాలం అనుకున్నారు. 2023లో ఆ రసాన్ని అందుకునే ద్వారం పుట్టుకతోనే లేకుండా చేసిన వోల్‌లు కూడా జంట కట్టడం చూశారు. అంటే అనుబంధానికి ఒక్క దారి కాదు, చాలా దారులున్నాయి. ఒకటి మూసుకుంటే ఇంకొకటి తెరుచుకుంటుంది. ఇది మనకు అనుకూలమైన వార్తే.

మనుషుల మీద చేసినవీ కొన్ని ఉన్నాయి. 2014లో ఇజ్రాయెల్‌లో రూత్ ఫెల్డ్‌మన్ గారి బృందం పసిబిడ్డల తల్లిదండ్రుల మెదడును స్కానింగు చేసి చూసింది. బిడ్డ పోషణ భారం ముఖ్యంగా తామే మోసిన మగవారిలో, బిడ్డ కోసం కలవరపడే భాగం కన్నతల్లులలో మాదిరిగానే చురుకుగా ఉంది. బిడ్డతో ఎంత ఎక్కువసేపు గడిపితే, ఆ భాగానికీ ఎదుటివారి మనసు తెలుసుకునే భాగానికీ మధ్య దారి అంత గట్టిపడింది. మగవాడి మెదడు కూడా పని చేస్తూనే నేర్చుకుంటుంది.

చట్టం ఏమంటుందో చెప్పకపోతే నేను గుమాస్తానే కాను. 2015 నాటి బాలల న్యాయ చట్టం 63వ సెక్షను ప్రకారం, దత్తత ఉత్తర్వు అమలులోకి వచ్చిన తేదీ నుండి ఆ బిడ్డ వారికి పుట్టిన బిడ్డే, వారసత్వంతో సహా. 2021 సవరణ తరువాత ఆ ఉత్తర్వు కలెక్టరుగారే ఇస్తున్నారు. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టంలో తల్లి, తండ్రి అనే మాటకు అర్థం చెబుతూ కన్నవారు, దత్తత తీసుకున్నవారు, సవతి తల్లిదండ్రులు అని ముగ్గురినీ కలిపే రాశారు. కన్నతల్లి కంటే పెంచిన తల్లి మిన్న అని మన పెద్దలు ఎప్పుడో అన్నారు. దేవకి కన్నా యశోద పేరే మనం ఎక్కువసార్లు తలుస్తాం. పెద్దల మాటా, చట్టమూ, ప్రయోగశాలా మూడూ ఒకే వైపు మొగ్గుతున్నాయి.

కాబట్టి ఈ ఫైలు మీద నా నోటు ఇది.

ప్రేమ పుట్టేదాకా ఆగవద్దు. రోజుకు ఒక పూట బిడ్డ పని ఏదైనా ఒకటి మీరు తీసుకోండి. నీళ్లు పోసేటప్పుడు పక్కన కూర్చోండి, తువ్వాలు పట్టుకోండి. తల తుడవండి. భుజాన వేసుకుని వీధి చివరి వరకు తిప్పుకు రండి. నిద్రపుచ్చండి. మొదటి నాలుగు రోజులు చేతులు బిగుసుకుపోయినట్టు ఉంటే ఉండనీయండి. మగ ఎలుకకే అయిదారు రోజులు పట్టింది. మనం వయసు మళ్లినవాళ్లం, ఇంకొంచెం ఎక్కువ పట్టవచ్చు. లెక్క చూసుకోకండి. మనసు ఎప్పుడు వచ్చి కూర్చున్నదో మీకు తెలియను కూడా తెలియదు.

ఇళ్లలోని ఆడవారికి ఒక మనవి. మగవారిని, "మీకు చేతకాదు, ఇటివ్వండి" అని బిడ్డను లాక్కోకండి. తల్లి చిట్టెలుక చెలికత్తెను గూటి వైపు నెట్టినట్టు, మీరూ మమ్మల్ని కాస్త నెట్టండి.

బంధువులకు ఇంకొక మనవి. దత్తబిడ్డ ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు "ఎవరి పోలికో" అనే మాట అనకండి. మీరు ఒక్కసారి అని వెళ్లిపోతారు. ఆ ఇంట్లో వాళ్లకు అది ఏళ్ల తరబడి మెదులుతూ ఉంటుంది. పోలిక ముక్కులో లేకపోతే నడకలో వస్తుంది, మాటలో వస్తుంది. పెంచినవారి పోలిక రాకుండా ఉండదు.

మన జీతం పుస్తకాలు మూసేశారు. మన సర్వీసు రిజిస్టర్లు బీరువాలలో ఉన్నాయి. కాని ఒక పసిబిడ్డ ఒంటిమీద మంచి గుర్తు పెట్టగల చేతులు ఇంకా మన దగ్గరే ఉన్నాయి. వాటికి పదవీ విరమణ వయసు లేదు. ఇంటికి వెళ్లాక వాటికి పని చెప్పండి.